ఉప్పలపాడు చూసినవాళ్లు భరత్‌పూర్‌లో ఏం చూడాలి?

గుంటూరు నుంచి అంత దూరం వెళ్లి ఎర్రకాళ్ల కొంగల ముందు గంటసేపు నిలబడితే డబ్బు దండగ. అవీ, గూడబాతులూ మన ఉప్పలపాడు చెరువులోనే కావలసినన్ని. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పక్షుల పార్కులో వెతకాల్సినవి వేరు.

విజయవాడలో ఢిల్లీ రైలెక్కి మథురలో దిగితే అక్కణ్ణుంచి నలభై కిలోమీటర్ల లోపే. డిసెంబరు ఆఖరు, జనవరి మొదట్లో మాత్రం వద్దు. రైళ్లు పొగమంచుకి గంటలు గంటలు ఆలస్యం, పార్కులో పది దాటినా ఎదుటి చెట్టు కనపడదు. ఫిబ్రవరి మొదటి రెండు వారాలు మేలు. మార్చి వస్తే బాతులు తిరుగుదారి పడతాయి.

మోసం జరిగింది బస దగ్గర. ఫోన్లో గది 1,800 అన్నారు. దిగాక రూం హీటరుకి 500, గీజరు పనిచేయక బకెట్టు వేణ్ణీళ్లకి 40. అదైనా సర్దుకోవచ్చు, టిఫిను ఎనిమిదిన్నరకి గానీ పెట్టరట! పార్కు గేటు సూర్యోదయానికే తీస్తారు, పక్షులు చురుగ్గా ఉండేది ఆ మొదటి రెండు గంటలే. చలికి వణుకుతూ ఖాళీ కడుపుతో బయల్దేరిన మావాళ్ల మొహాలు చూడాలి. పైగా ‘సైబీరియా కొంగల్ని చూపిస్తాం, మనిషికి 1,500’ అని ఒక ప్యాకేజీ. ఆ కొంగలు 2002 శీతాకాలం తర్వాత అక్కడికి రాలేదు. ఆ మాటెత్తిన లాడ్జిలో దిగకండి. పొద్దున ఆరింటికల్లా పరాఠాలు కట్టిస్తారా అని ముందే అడగండి.

డబ్బుకి తగ్గ ఫలం అంటే సైకిల్ రిక్షా. రేటు గేటు దగ్గర బోర్డు మీదే ఉంటుంది. మూడున్నర గంటలకు చేతిలో పెట్టిందంతా కలిపి 900 అయింది. లాగే ఆయనకు ఏ చెట్టు మీద ఏ గుడ్లగూబ గూడుందో తెలుసు. డస్కీ ఈగిల్ ఔల్ అనే పెద్ద గుడ్లగూబ ఈ చలి నెలల్లోనే గూట్లో ఉంటుంది, దాన్ని సొంతంగా వెతికి పట్టుకోవడం కష్టం. బైనాక్యులర్ 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది) చాలు, 10× అయితే రిక్షా కుదుపుకి బొమ్మ నిలవదు. పొద్దున నీటికి తూర్పు గట్టున ఉండండి, ఎండ వీపు మీద పడుతుంది.

గద్దల్లో గ్రేటర్ స్పాటెడ్ ఈగిల్‌నీ, ఇండియన్ స్పాటెడ్ ఈగిల్‌నీ కలిపేయకండి. నోటి చీలిక కంటి మధ్య దాకా వస్తే మొదటిది, కన్ను దాటి వెనక్కి పోతే రెండోది. తీతువు పిట్టల్లో పొడవాటి పసుపు కాళ్లు, తెల్లటి తోక, బురద అంచు అయితే వైట్‌టెయిల్డ్ లాప్‌వింగ్. నల్ల కాళ్లు, తెల్లని కనుబొమ గీత, ఎండిన దుక్కి అయితే సోషియబుల్ లాప్‌వింగ్. ఇది ప్రపంచంలోనే అరుదైపోయింది, ఫొటో లేకుండా చూశామంటే ఎవరూ నమ్మరు. సారస కొంగల జంట పార్కులో దొరక్కపోతే చుట్టుపక్కల గోధుమ చేలు వెతకండి.

వానలు చాలని ఏడు పార్కులో నీళ్లుండవు, బాతులూ ఉండవు. టికెట్టు బుక్ చేసేముందు అక్కడివాళ్లకి ఫోన్ చేసి నీటి సంగతి కనుక్కోండి.

ఇండియన్ స్కిమ్మర్ అనే నీటి పక్షి కోసం చలికాలంలో చంబల్ నది దాకా పోకండి. అప్పుడు వాటిలో కొన్ని మన కాకినాడ తీరంలోనే ఉంటాయి, చంబల్ ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టేది ఎండాకాలంలో. ధోల్‌పూర్ దగ్గర చంబల్‌లో పడవెక్కాలనిపిస్తే ఎండ కాగుతూ పడుకునే ఘరియల్ మొసళ్ల కోసం ఎక్కండి, అదీ పదింటి తర్వాత.