కీళ్లవాతానికి ఆర్‌ఏ ఫ్యాక్టరా, యాంటీ సీసీపీయా: ఏది మేలు?

గాజువాకలో ఉండే మా పిన్నికి హెల్త్ ప్యాకేజీలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ కోసం చేసే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చింది. వేళ్లు వంకర్లు తిరిగిపోతాయేమోనని ఒకటే టెన్షన్. నిజానికి ఆవిడకున్నది మెట్లు ఎక్కితే మోకాళ్ల నొప్పి, అంతే. పొద్దున లేవగానే వేళ్లు పట్టేయడం లేదు, గణుపుల్లో వాపు లేదు. మహారాణిపేటలో చూపిస్తే డాక్టరు గారు ఒక్కో కీలూ నొక్కి చూసి, "ఇది అరుగుదలమ్మా, కీళ్లవాతం కాదు" అన్నారు. ఆ ప్యాకేజీలో అసలు ఈ టెస్ట్ ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ పేరు చూసి అది కచ్చితంగా కీళ్లవాతమే అనుకుంటాం. కానీ హెపటైటిస్ సి, టీబీ, షోగ్రెన్ (కళ్లు, నోరు పొడిబారే జబ్బు) లాంటి వాటిలోనూ అది పెరుగుతుంది. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలోనూ కనిపిస్తుంది. వ్యాధి లేని వంద మందికి చేస్తే సుమారు 15 మందికి పాజిటివ్ వస్తుంది. కీళ్లవాతానికే చేసే ఇంకో రక్తపరీక్ష యాంటీ సీసీపీలో ఆ సంఖ్య 5 దగ్గర ఉంటుంది. పైగా కీళ్లు వాచడానికి కొన్నేళ్ల ముందే అది రక్తంలో కనబడొచ్చు. అది ఎక్కువగా ఉన్నవాళ్లలో జబ్బు ఎముకను తినేసే ప్రమాదం కూడా ఎక్కువ, కాబట్టి మందు ఆలస్యం చేయకూడదు. ఖరీదు కాస్త ఎక్కువే. అయినా వాపు, పొద్దున్నే గంటసేపు బిగుసుకుపోవడం ఉండి, ఒక్క టెస్టుకే డబ్బులుంటే నేను సీసీపీయే చేయించుకోమంటాను.

అలాగని సీసీపీ అన్నీ పట్టేస్తుందని కాదు. జబ్బు ఉన్నవాళ్లను పట్టుకోవడంలో రెండూ దాదాపు సమానమే, వందలో 70 మంది దాకా. 2010 నాటి అంతర్జాతీయ ప్రమాణాల్లోనూ రెండింటికీ ఒకే విలువ. వాటి ప్రకారం కీళ్లవాతం అనాలంటే పదికి 6 మార్కులు రావాలి. ఏది ఎంత గట్టిగా పాజిటివ్ వచ్చినా, రెండూ కలిసి వచ్చినా దక్కేవి 3కి మించవు. మిగతావి వాచిన కీళ్ల సంఖ్య, ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు), బాధ మొదలై ఆరు వారాలు దాటిందా లేదా అన్న లెక్క నుంచి రావాలి.

ఈ ఆరు వారాల సంగతి మనకు మరీ ముఖ్యం. చికున్‌గున్యా తగ్గాక కూడా నెలల తరబడి, అంటే ఆరు వారాలు దాటాక కూడా, కీళ్లు అచ్చం ఇలాగే నొప్పెడతాయి. కాబట్టి ఈమధ్య జ్వరం వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి.

రోగం ఖాయమయ్యాక ప్రతి మూడు నెలలకూ సీసీపీ మళ్లీ చేయించనక్కర్లేదు. మందు పనిచేస్తోందో లేదో చూడటానికి ఈఎస్ఆర్, సీఆర్పీ, డాక్టరు చేతి పరీక్ష చాలు.

మా పక్కింటి అక్కకి రెండు టెస్టులూ నెగెటివే. "ఏమీ లేదు" అని ఒకచోట పంపించేశారు. ఇంకోచోట రుమటాలజిస్టు (కీళ్లవాతం చూసే డాక్టరు) మణికట్ల వాపు చూసి మందు మొదలుపెట్టారు. నాలుగు నెలలకి అక్క తన జడ తానే వేసుకుంటోంది.