ఫేజర్ కిట్ కొంటున్నారా? ఆ నాలుగు ఫెట్లు కొలవకుండా సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకండి

1974లో వచ్చిన ఎంఎక్స్ఆర్ ఫేజ్ 90 లాంటి ఫేజర్ (గిటార్ సౌండ్‌ని సుడి తిరిగేలా చేసే పెడల్) సొంతంగా కట్టుకుందాం అని కిట్లు వెతుకుతున్నవాళ్ళు కొనేముందు ఇది చదవండి. "మ్యాచ్డ్ జేఫెట్లు ఇస్తాం" (జేఫెట్ అంటే ఒక రకం ట్రాన్సిస్టర్, మ్యాచ్డ్ అంటే కొలతలు ఒకేలా ఉన్నవి) అని పెద్ద అక్షరాలతో రాసి అమ్ముతున్న ఒక ఆన్‌లైన్ సెల్లర్ దగ్గర (పేరు రాయను) కొన్నా, కొరియర్‌తో కలిపి రెండు వేలు దాటింది. బోర్డు బాగుంది, డబ్బా నీట్‌గా డ్రిల్ చేసి ఉంది, మోసమంతా ఆ నాలుగు ట్రాన్సిస్టర్లలోనే.

వాటికి అంత రచ్చ ఎందుకంటే ఈ పెడల్ ప్రాణం అక్కడే ఉంది. లోపల నాలుగు స్టేజీలు, ఒక్కోదానికి ఒక జేఫెట్, అది మారుతూ ఉండే రెసిస్టర్‌లాగా పనిచేస్తుంది, ఒకే ఎల్ఎఫ్ఓ (నెమ్మదిగా పైకీ కిందికీ ఊగే వోల్టేజ్ ఇచ్చే సర్క్యూట్) నాలుగింటి గేట్లనీ, అంటే వాటిని నడిపే కాళ్ళనీ, ఊపుతుంది కాబట్టి నాలుగూ కలిసి కదిలితేనే ఆ సుడి తిరిగే సౌండ్ వస్తుంది. ఒకటి అప్పుడే ఆఫ్ అయిపోయి పక్కది ఇంకా ఫుల్ ఆన్‌లో ఉంటే ఇంక ఫేజింగ్ ఎక్కడిది. నాకు అదే అయ్యింది, గిటార్ సౌండ్ శుభ్రంగా వస్తోంది, లోపలి ట్రిమ్‌పాట్ (సెట్టింగ్ కోసం తిప్పే చిన్న స్క్రూ) ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పినా ఒక మూల ఏదో కాస్త ఊగినట్టు అనిపించడం తప్ప ఏమీ లేదు.

తీసి కటాఫ్ (ఫెట్ ఆఫ్ అయ్యే వోల్టేజ్) కొలిస్తే ఒకటి 0.8 వోల్టులు, రెండు 1.2 దగ్గర, నాలుగోది ఏకంగా 2.4. ఇవి మ్యాచ్డ్ అట! పైన 2ఎన్5457 అని ఉంది, ఆ నంబర్‌కి డేటాషీట్‌లోనే కటాఫ్ 0.5 నుంచి 6 వోల్టుల దాకా ఎక్కడైనా ఉండొచ్చు, అంటే సంచిలోంచి నాలుగు తీసి కవర్లో వేసేస్తే మ్యాచ్ అయ్యే ఛాన్సే తక్కువ, ఎవరో ఒకరు కూర్చుని కొలవాల్సిందే, ఆ పనికే కదా మనం ఎక్స్‌ట్రా డబ్బులు ఇచ్చేది.

సెల్లర్‌కి మెసేజ్ పెడితే "బ్రో సోల్డరింగ్ హీట్‌కి పోయుంటాయి" అన్నాడు. నేను సాకెట్లు వేసి వాటిలో గుచ్చా, వేడి వాటికి తగల్లేదు, ఫోటో కూడా పంపా. అప్పుడు మాట మార్చి "బోర్డు సోల్డర్ చేశారు కాబట్టి రిటర్న్ లేదు" అన్నాడు. కట్టకపోతే పనిచేస్తుందో లేదో తెలీదు, కడితే రిటర్న్ లేదు, మంచి బిజినెస్!

కొలవడం పెద్ద పని కాదు. ఫెట్‌కి మూడు కాళ్ళు, డ్రెయిన్, గేట్, సోర్స్. డ్రెయిన్ 9 వోల్టుల ప్లస్‌కి, గేట్ గ్రౌండ్‌కి, సోర్స్ నుంచి 10కె రెసిస్టర్ గ్రౌండ్‌కి పెట్టి సోర్స్ దగ్గర వోల్టేజ్ చూడండి. వేలితో పట్టుకున్న వేడికే రీడింగ్ మారిపోతుంది, కాసేపు ఆగి రాసుకోండి. నాలుగూ 20, 30 మిల్లీవోల్టుల తేడాలో ఉంటే ఓకే. కాళ్ళ వరస నంబర్‌ని బట్టి మారుతుంది, డేటాషీట్ చూడకుండా గుచ్చకండి. పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీసి, ఈ కొలతలు కూడా అందులోనే రికార్డ్ చేసేస్తే సోల్డరింగ్ సాకు చెప్పడానికి ఉండదు.

చివరికి కోఠీ గుజరాతీ గల్లీలో విడిగా ఒక గుప్పెడు కొని, కొలిచి, దగ్గర దగ్గరగా ఉన్న నాలుగు వేశా, పెడల్ ఇప్పుడు బ్రహ్మాండంగా తిరుగుతోంది. రిఫండ్ మాత్రం రాలేదు.

అన్నట్టు అదే సెల్లర్ కోరస్ పెడల్ కిట్ కూడా అమ్ముతున్నాడు, లిస్టింగ్‌లో "ఒరిజినల్ బీబీడీ చిప్" (సౌండ్‌ని కాస్త ఆలస్యం చేసే చిప్) అని తప్ప నంబర్ లేదు. ఎంఎన్3007, ఎంఎన్3207 రెండూ 1024 స్టేజీలవే, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ సప్లై పోలారిటీ ఉల్టా, ఒకదాని బోర్డులో ఇంకోటి పెడితే చిప్ పోయినట్టే. ఏ నంబర్ పంపుతాడో మెసేజ్‌లో రాసివ్వమనండి, ఇవ్వకపోతే ఆ కిట్ జోలికి పోకండి.