తలకి దెబ్బ తగిలిన పిల్లాడికి రిహాబ్: ఈ సెంటర్ ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ నాలుగూ ఇక్కడి థెరపిస్టులకి. తగ్గించిన ఒకటి బిల్లింగ్ కౌంటర్‌కి, ఆదివారాలకి. ఇంట్లో ఎదిగే పిల్లాడికో పిల్లకో తలకి పెద్ద దెబ్బ తగిలి, ఆపరేషన్ అయ్యి, 'ఇక ఇంటికి తీసుకెళ్ళండి, ఫిజియోథెరపీ చేయించండి' అని డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టాక ఎక్కడికెళ్ళాలో తెలియక తిరుగుతున్న వాళ్ళ కోసం వివరంగా రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

దెబ్బ తగిలింది మా అక్క కొడుకుకి. ఇంటర్ ఫస్టియర్. ఫ్రెండ్ బండి మీద వెనక కూర్చుని వస్తుంటే సాగర్ రింగ్ రోడ్ దగ్గర యాక్సిడెంట్ అయింది. నడిపే పిల్లాడికి హెల్మెట్ ఉంది, మావాడికి లేదు (వెనక కూర్చునే వాళ్ళకీ హెల్మెట్ తప్పనిసరని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది, దయచేసి మీ పిల్లలకి కొనివ్వండి). హాస్పిటల్‌కి తెచ్చేసరికి గ్లాస్గో కోమా స్కేల్ (స్పృహ ఎంత ఉందో కొలిచే లెక్క) 6. ఆ స్కేల్ 3 నుంచి 15 వరకు ఉంటుంది, 8 గానీ ఇంకా తక్కువ గానీ ఉంటే సివియర్ కింద లెక్క. మెదడు వాచిపోతే లోపల ఒత్తిడి తగ్గడానికి కుడివైపు పుర్రె ఎముక ముక్క తీసి, పొట్ట చర్మం కింద దాచి, చాలాకాలం తర్వాత మళ్ళీ పెట్టారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ప్రాణం కాపాడిన ఆ డాక్టర్లకి జీవితాంతం రుణపడి ఉంటాం.

డిశ్చార్జ్ అయ్యాక మొదట సిటీలోనే ఇంకో చోట చేర్చాం. పెద్ద పెద్ద మెషిన్లు, మెరిసే ఫ్లోరు. రోజూ కాలికీ చేతికీ ఎక్సర్‌సైజులు చేయించేవాళ్ళు, అంతవరకు బాగానే చేశారు. కానీ పిల్లాడి బుర్ర సంగతి అడిగిన నాథుడు లేడు. పేరు చెప్తున్నాడు, అమ్మని గుర్తుపడుతున్నాడు కదా, మైండ్ బానే ఉంది అన్నారు. మా అక్కకి తెలుస్తూనే ఉంది బాలేదని. పొద్దున టిఫిన్ తిన్న సంగతి మధ్యాహ్నానికి ఉండదు, అడిగిందే పదిసార్లు అడుగుతాడు, ఊరికే కోపం, తర్వాత గంటలు గంటలు గోడ చూస్తూ కూర్చోవడం.

ఈ సెంటర్‌లో తేడా మొదటి రోజే తెలిసింది. ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టు (తినడం, రాయడం లాంటి రోజువారీ పనులు మళ్ళీ నేర్పేవాళ్ళు), స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు నలుగురూ ఒకే టేబుల్ చుట్టూ కూర్చుని, మా అక్కనీ బావనీ కూర్చోబెట్టి, దెబ్బకి ముందు పిల్లాడు ఎలా ఉండేవాడు, ఏ సబ్జెక్ట్ ఇష్టం, ఎవరితో తిరిగేవాడు, ఏం తినేవాడు, అన్నీ అడిగి రాసుకున్నారు. స్పీచ్ థెరపిస్టు అంటే మాటలు నేర్పడమే అనుకుంటాం, ఆవిడ ముందు మింగడం చూశారు. మామూలు నీళ్ళు పలచగా ఉండి గొంతులో గబుక్కున జారి ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా రావచ్చట, అందుకని మావాడికి కొన్నాళ్ళు ఏది తాగించినా రాగిజావ అంత చిక్కగా ఉండాలన్నారు. గడ్డం కిందికి వంచి మింగించేవాళ్ళు. దాహంతో వాడు నీళ్ళకోసం గొడవ చేస్తుంటే చూడలేకపోయేవాళ్ళం, ఆవిడ మాత్రం ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. తిండి కోసం ముక్కులో పెట్టిన ట్యూబు తీసేసింది ఇక్కడే.

కంచం సంగతి చెప్పాలి. అన్నం పెడితే కుడివైపు సగం శుభ్రంగా తినేసి, ఎడమవైపు సగం అలాగే వదిలేసి 'ఇంకొంచెం పెట్టమ్మా' అనేవాడు. ఎడమవైపు కూర అలాగే ఉంది. మేం కళ్ళకేమైనా అయిందేమోనని భయపడి కళ్ళ డాక్టర్‌కి కూడా చూపించాం, చూపు బానే ఉందన్నారు. ఇక్కడ ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒక్కసారి భోజనం దగ్గర కూర్చుని చూసి చెప్పేసింది: మెదడు కుడిభాగం దెబ్బతింటే ఎడమవైపు ప్రపంచం ఒకటుందన్న ధ్యాసే పోతుంది, కన్ను చూసినా మెదడు పట్టించుకోదు అని. కంచం ఎడమ అంచుకి ఎర్ర టేపు అతికించి, 'నాన్నా, ఎర్రగీత కనిపించేదాకా తల తిప్పు' అని నేర్పింది. తర్వాత అదే టేపు నోట్‌బుక్ మార్జిన్‌కి. ఎంత చిన్న పని! అంతకుముందు ఎవరికీ తట్టలేదు.

కోపం విషయంలో సైకాలజిస్టు మా కుటుంబం మొత్తానికీ క్లాస్ పెట్టారు. మా అమ్మ దిష్టి అంటుంది, బావ పొగరు అంటున్నాడు, అక్క ఏడుస్తుంది. మెదడు ముందుభాగం మనిషికి బ్రేకుల్లాంటిది, ఈ వయసులో అది ఇంకా తయారవుతూనే ఉంటుంది, ఇరవై దాటి నాలుగైదేళ్ళ వరకు పడుతుంది, అది దెబ్బతింది కాబట్టి నోటికొచ్చింది వచ్చేస్తుంది, వాడు కావాలని తిట్టట్లేదు అన్నారు. వాదించొద్దు, గొంతు పెంచొద్దు, టీవీ ఆపి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. చూడ్డానికొచ్చే చుట్టాలు ఒకేసారి ఇద్దరికి మించి గదిలోకి వద్దు. ముఖ్యంగా 'నేనెవరో చెప్పు చూద్దాం' అని పరీక్షలు పెట్టొద్దు, మీరే 'నేను మామయ్యని రా' అని చెప్పి పక్కన కూర్చోండి. ఈ ఒక్క మాట పాటించినందుకే ఇంట్లో సగం గొడవలు తగ్గాయి.

నాకు బాగా నచ్చింది మెట్రో ట్రైనింగ్. కాలికి స్ప్లింట్ (ఊతమిచ్చే పట్టీ) వేసుకుని నడవగలుగుతున్నాక, సెంటర్ నుంచి ఇంటికి వాడే దారి చూసుకుని వెళ్ళాలి. హైటెక్ సిటీలో ఎక్కాలి, అమీర్‌పేటలో దిగి లైన్ మారాలి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాలి. ఆ మూడూ తన చిన్న పాకెట్ బుక్‌లో తనే రాసుకున్నాడు. థెరపిస్టు ఒక అడుగు వెనక, నేను ఆవిడ వెనక. అమీర్‌పేట స్టేషన్ సాయంత్రం ఎలా ఉంటుందో తెలుసు కదా, ఆ తోపులాటలో మావాడు కుడివైపున్న బోర్డులే చూసి మియాపూర్ వెళ్ళే ప్లాట్‌ఫాం వైపు నడిచాడు. నేను పిలవబోతే ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. వాడు నిలబడ్డాడు, పుస్తకం తీశాడు, చదివాడు, అప్పుడు నెమ్మదిగా తల మొత్తం ఎడమకి తిప్పి ఎల్బీ నగర్ బోర్డు చూశాడు. ఆవిడ 'గుడ్' అని కూడా అనలేదు, అడిగితే 'రేపు నేనుండను కదా సార్' అంది. బండి ఎక్కి కూర్చున్న వెంటనే వాడికి నిద్రొచ్చేసింది. బద్ధకం కాదట, మెదడు గాయం తర్వాత ఇలాంటి పనికి అంత అలసట ఉంటుందని ముందే చెప్పారు.

కాలేజీకి కూడా వీళ్ళే లెటర్ రాసిచ్చారు, మొదట సగం రోజే, మధ్యలో రెస్ట్, నోట్స్ ముందే ఇవ్వాలి అని. పరీక్షకి స్క్రైబ్ (వాడు చెప్తే రాసిపెట్టే మనిషి) కావాలంటే వికలాంగ సర్టిఫికెట్ అడిగారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 రకాల వైకల్యాల్లో బ్రెయిన్ ఇంజురీ అని విడిగా లేదు, మావాడి చెయ్యి, కాలు బలహీనత కింద అప్లై చేయించారు. జ్ఞాపకశక్తి పోయిన పిల్లాడికి చెయ్యి చూపించి సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇక బాలేనివి. రూమ్ వేరు, థెరపీ వేరు, అటెండెంట్ వేరు, డయపర్లు గ్లౌజులు వేరు, వారానికోసారి బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. అడిగితేగానీ వివరాలు ఇవ్వరు. మా ఇన్సూరెన్స్ ఆపరేషన్‌కి ఇచ్చింది, రిహాబ్‌కి మొండిచెయ్యి చూపించింది, మీది ముందే రాతపూర్వకంగా అడగండి. ఆదివారం థెరపీ ఉండదు, రూమ్ డబ్బులు మాత్రం ఉంటాయి. నైట్ అటెండెంట్లు తరచూ మారతారు, కొత్తవాళ్ళకి పిల్లాడి సంగతి మళ్ళీ మొదట్నుంచీ అక్కే చెప్పుకోవాలి.

ఎక్కడ చేర్చినా సరే మెషిన్ల గురించి అడక్కండి, మనిషి గురించి అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకి, స్పీచ్ థెరపిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబర్ అడిగితే ఏమీ అనుకోరు. స్కాన్ సీడీలు, ఆపరేషన్ నోట్స్ జెరాక్స్‌లు వెంట తీసుకెళ్ళండి. ఇక్కడ సైకాలజిస్టుకి రద్దీ ఎక్కువ, కాబట్టి అడ్మిషన్ రోజే ఆవిడ టైమ్ బుక్ చేయించుకోండి.