మైల్డ్ కొవిడ్‌కి ఎక్స్‌రేనా, సీటీ స్కానా, ఏదీ వద్దా?

"పాజిటివ్ వచ్చింది సార్, దగ్గు ఉంది, ఆయాసం ఏం లేదు. స్కాన్ తీపించేదా, ఎక్స్‌రే చాల్నా?" దగ్గుల సీజన్ మొదలైతే చాలు, చంద్రగిరి నుంచో పుత్తూరు నుంచో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. చిత్తూరు వైపు వాళ్లయితే "వేలూరు పోయి తీపించుకోమంటారా" అని ఇంకో మెట్టు ఎక్కుతారు. 2021లో పట్టుకున్న అలవాటు ఇది, అంత తొందరగా పోయేట్టు లేదు.

నా మాట ముందే చెప్పేస్తా. ఆయాసం లేదు, కూర్చున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గట్లేదు, షుగరో గుండె జబ్బో పాత ఊపిరితిత్తుల జబ్బో కూడా లేదు అంటే ఎక్స్‌రే, స్కాన్, ఏ ఫోటో వద్దు. ఆ జబ్బులు ఉన్నవాళ్లకి, పెద్ద వయసు వాళ్లకి, నాలుగైదు రోజులైనా జ్వరం దిగనివాళ్లకి ఎక్స్‌రే. సీటీ మైల్డ్ కేసుకి కాదు.

సీటీ వద్దంటే అందరూ రేడియేషన్ గురించే అనుకుంటారు. 2021 మేలో అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా ఒక సీటీ అంటే 300, 400 ఎక్స్‌రేలతో సమానమని అన్నారు. కాదు, ఇప్పటి మెషిన్లలో అయిదు పది ఎక్స్‌రేలకి మించదని రేడియాలజిస్టుల సంఘం ఎదురు చెప్పింది. ఏ రకం స్కాన్‌ని ఏ ఎక్స్‌రే పక్కన పెట్టి లెక్కేస్తున్నామన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. రేడియేషన్‌ని కొలిచే మిల్లీసీవర్ట్‌లలో చెప్తే మామూలు ఛాతీ సీటీ 5 నుంచి 7, తక్కువ డోసుతో తీస్తే ఒకటీ ఒకటిన్నర, ఎక్స్‌రే అయితే ఒకటిలో పదో వంతు కూడా దాటదు. ఒక్కసారి తీయించుకున్నందుకు హడలిపోవాల్సిందేం లేదు. వారానికోసారి తీయించుకుంటే, అదీ కుర్రాళ్లకైతే, అప్పుడు మాట వేరు.

నాకు భయం స్కాన్ గది బయట మొదలవుతుంది. రిపోర్టులో "7/25" అని ఉంటుంది. ఊపిరితిత్తుల్లోని అయిదు భాగాలకి (లోబ్‌లకి) ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు దాకా మార్కులేసి కూడితే వచ్చే అంకె అది. ఏడు చూడగానే ఇంట్లో వాళ్లు నిమ్ము చేరిందని ఏడుస్తారు, పక్కింటాయన తనకి తెలిసిన డాక్టరు పేరు చెప్తాడు, ఆ సాయంత్రానికే మందుల చీటీలో స్టెరాయిడ్ ఎక్కుతుంది. పేషెంటు ఆక్సిజన్ మాత్రం పొద్దున ఎంత ఉందో ఇప్పుడూ అంతే, 97. బ్రిటన్‌లో 2020లో కొవిడ్ మందుల మీద జరిగిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడింది ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్లకి, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి. ఆక్సిజన్ అవసరంలేనివాళ్లలో ఆ మందు తీసుకున్నవాళ్లు 17.8 శాతం, తీసుకోనివాళ్లు 14 శాతం చనిపోయారు. ఈ తేడా గట్టిగా నష్టమని తేల్చేంత కాకపోయినా మేలు మాత్రం లేదు. వాళ్లంతా ఆస్పత్రిలో చేరినవాళ్లు, ఇంట్లో ఉన్న మైల్డ్ కేసుకి ఇంకెందుకు ఆ మందు? పైగా షుగర్ ఉన్నవాళ్లలో స్టెరాయిడ్ ఏం చేస్తుందో 2021లో బ్లాక్ ఫంగస్ రూపంలో చూశాం. స్కాన్‌లో కనపడి ఆ ఏడు మార్కులు తెచ్చిన ఊపిరితిత్తుల మచ్చలు చాలామందిలో వాటంతటవే కరిగిపోతాయి. స్కాన్ తీయకపోతే ఉన్నాయని కూడా తెలిసేది కాదు.

ఇంకొకటి, రోజు లెక్క. పాజిటివ్ వచ్చిన రోజే సెంటర్‌కి పరిగెత్తేవాళ్లు ఎక్కువ. లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు తీస్తే సగం మందికి పైగా సీటీ మామూలుగానే వచ్చిందని 2020లోనే చైనా రోగుల మీద చేసిన పరిశోధనలో తేలింది. ఊపిరితిత్తుల్లో మార్పులు బాగా కనపడేది పదో రోజు దగ్గర. అంటే రెండో రోజు క్లీన్ అని వచ్చిన రిపోర్టు ఎనిమిదో రోజుకి ఏ హామీ ఇవ్వదు, కానీ మనిషి మాత్రం ఆ కాగితం చూసుకుని ధీమాగా ఉంటాడు.

ఎక్స్‌రేకి లోపం లేదని కాదు. పల్చటి మచ్చలు దానికి దొరకవు, మొదటి రోజుల్లో బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. మైల్డ్ కేసులో ఆ పల్చటివి దొరక్కపోవడమే ఒకరకంగా మంచిది. దొరకాల్సిన పెద్ద నిమ్ము, ఛాతీలో నీరు, గుండె సైజు, ఒక్కోసారి ఎవరూ అనుకోని పాత టీబీ మచ్చ కూడా అందులో కనపడతాయి. చిన్న ఊళ్లో కూడా తీస్తారు, సీటీతో పోలిస్తే ఖర్చెంత? గర్భిణి అయితే ముందే చెప్పాలి, కావాల్సిన జాగ్రత్త వాళ్లు చూసుకుంటారు.

ఛాతీకి అల్ట్రాసౌండ్ కూడా ఉంది, రేడియేషన్ లేదు. చేతిలో నేర్పు ఉన్నవాళ్లు ఐసీయూలో వాడతారు, ఇంట్లో ఉన్నవాళ్లకి దాంతో పనిలేదు.

ఏ ఫోటో వద్దన్నానంటే ఖాళీగా కూర్చోమని కాదు. మంచి ఆక్సిమీటర్ ఒకటి కొనండి. గోళ్లకి రంగు, గోరింటాకు లేని వేలికి పెట్టండి, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది పెట్టండి. పొద్దున, సాయంత్రం చూసుకోండి. కూర్చున్నప్పుడు 94 పైన ఉంటే ఇంట్లోనే ఆరు నిమిషాలు మామూలుగా నడిచి మళ్లీ చూడండి. అలిపిరి మెట్లెక్కమనడం లేదు, హాల్లో అటూ ఇటూ చాలు. నడిచాక మూడు నాలుగు తగ్గినా, 94 కిందికి పడినా, ఆయాసం వచ్చినా ఫోన్ చేయండి. స్కాన్‌లో ఏడుకన్నా నాకు ఈ అంకె ఎక్కువ చెప్తుంది.

సీటీ ఎప్పుడంటే ఆక్సిజన్ పడిపోతున్నప్పుడు, ఎక్స్‌రేకి మనిషి పరిస్థితికి పొంతన కుదరనప్పుడు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందేమోనని అనుమానం వస్తే దానికి రంగుమందు ఎక్కించి తీసే సీటీ వేరే, మామూలు స్కాన్‌లో ఆ గడ్డలు పట్టుబడవు. అప్పటికి మీది మైల్డ్ కాదు, ఎట్లాగూ ఆస్పత్రిలో ఉంటారు.

తీయించేసుకుని "7/25" చేతిలో పట్టుకున్నవాళ్లు మచ్చలు పోయాయా లేదా అని మళ్లీ స్కాన్‌కి పోకండి. దగ్గు, ఆయాసం లేకపోతే అసలేమీ వద్దు. మూడు నెలలకీ ఉంటే అప్పుడు ఒక ఎక్స్‌రే తీయిద్దాం.