పాప పాకలేదని ఒక యాప్ టెన్షన్ పెట్టింది, ఇంకోటి ఆ ప్రశ్నే అడగలేదు

మా పాప పాకలేదు. బోర్లా పడింది, కూర్చుంది, ఆ తర్వాత కూర్చున్న చోటి నుంచే దేక్కుంటూ ఇల్లంతా తిరిగేసింది, పది నెలలు దాటాక ఒకరోజు సోఫా పట్టుకుని ఏకంగా లేచి నిలబడింది. అప్పట్లో నా ఫోన్లో డబ్బులు కట్టి తీసుకున్న యాప్ ఒకటి ఉండేది (పేరెందుకులెండి), అది 'పాకడం' పక్కన ఎర్ర గుర్తు పెట్టి, మొత్తం ఎదుగుదలకి 68 శాతం అని మార్కులేసింది. పది నెలల పిల్లకి మార్కులేంటని ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

తర్వాత మైల్‌స్టోన్ ట్రాకర్ అనే యాప్ వేసుకున్నాను. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీది, ఉచితం. 2 నెలల నుంచి 5 ఏళ్ల దాకా, ఆ వయసుకి పిల్లలు ఏమేం చేస్తున్నారో అడిగే 12 చెక్‌లిస్టులు ఉంటాయి. నేను మొదట వెతికింది పాకడం కోసమే. లేదు! 2022లో అక్కడి పిల్లల డాక్టర్ల సంఘంతో కలిసి జాబితాలు మార్చినప్పుడు తీసేశారు. ఆ వయసుకి నూటికి 75 మంది, అంతకన్నా ఎక్కువ మంది పిల్లలు చేసేవే ఉంచుదామని అనుకున్నారు. నాకిది సబబుగానే అనిపించింది, ఎందుకంటే సగం మందే చేసేవి రాసి పెడితే మిగతా సగం మంది తల్లులు ఊరికే హడలిపోతారు, లేదా 'ఆ, చూద్దాంలే' అని అసలు పట్టించుకోవాల్సినవి కూడా వదిలేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కల్లో కూడా సుమారు 4 శాతం పిల్లలు మోకాళ్ల మీద పాకనే లేదు. ఆసరా లేకుండా నడవడం కొందరికి 8 నెలలు దాటగానే వస్తే, కొందరికి 17 నెలలు దాటాక వచ్చింది. ఇది ముందే తెలిసుంటే ఆ రాత్రి హాయిగా పడుకునేదాన్ని.

ఈ యాప్‌లో నాకు బాగా నచ్చింది ఒక్క బటన్. అవును, ఇంకా లేదు, వీటితో పాటు 'కచ్చితంగా తెలియదు' అని ఉంటుంది. నిజం చెప్పాలంటే సగం వాటికి నేను అదే నొక్కాను. పాప చూస్తుండగా మనం దాచిన వస్తువు కోసం వెతుకుతుందా అని 12 నెలల జాబితాలో అడిగితే, నేనెప్పుడు చూశాను? దుప్పటి కింద బొమ్మ దాచి చూశాను. దుప్పటి లాగేసి, బొమ్మని వదిలేసి, దాన్ని నెత్తిన కప్పుకుని నాకే బూచాట చూపించింది. మూడోసారికి బొమ్మ తీసింది. కొన్ని ప్రశ్నలకి ఫొటోలు, వీడియోలు కూడా ఉన్నాయి. బొటనవేలు, చూపుడువేలుతో చిన్న వస్తువు పట్టుకోవడమంటే ఏంటో నాకు వీడియో చూశాకే అర్థమైంది, అప్పటిదాకా గుప్పిటతో లాక్కోవడం కూడా అదే అనుకున్నా.

మాటల దగ్గర మాత్రం తికమక. 18 నెలలకి అమ్మ, నాన్న కాకుండా మూడు మాటలైనా అనడానికి ప్రయత్నించాలట. మరి కుక్కని చూసి 'బౌబౌ' అంటే మాటేనా? ప్రతిసారీ కుక్కకే అంటోంది కాబట్టి లెక్కలోకి వస్తుందని మా డాక్టర్ చెప్పారు. యాప్‌లో ఈ సంగతి దొరకలేదు.

15 నెలలప్పుడు ఏదైనా కావాలంటే వేలు పెట్టి చూపించేది కాదు, నా చెయ్యి పట్టుకుని లాగేది. 'ఇంకా లేదు' అని నొక్కాను. యాప్ తయారుచేసిన సారాంశాన్ని డాక్టర్‌కి చూపిస్తే ముందు వినికిడి పరీక్ష చేయించమన్నారు. అంతా బాగానే ఉంది, నెల తిరక్కుండా ఫ్యాన్‌ని, చందమామని, పక్కింటివాళ్ల బట్టల్ని కూడా చూపించడం మొదలెట్టింది. కానీ ఒకటి, ఇది పరీక్ష కాదు, ఆ మాట యాప్‌లోనే రాసుంది. వచ్చిన మాటలో, చేతలో పోతున్నట్టు కనిపిస్తే మాత్రం తర్వాతి జాబితా కోసం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లిపోవాలి.

ఇంగ్లీషు, స్పానిష్‌లోనే ఉంది కాబట్టి మా అమ్మకి నేనే చదివి చెప్పాలి, అందుకో స్టార్ తగ్గించి నాలుగిచ్చాను. పాత యాప్ ఎప్పుడో తీసేశా, అది మాత్రం ఇప్పటికీ 'మీ పాప వెనకబడుతోంది' అని మెయిల్స్ పంపుతూనే ఉంది. ఆ పాపేమో ఇప్పుడు నాకు అందకుండా పరిగెడుతోంది.