పెద్ద ముక్కలు పడ్డాక బాదాలా, నక్కి ఉండాలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగువాళ్ళలో చాలామంది పోకర్‌కి వచ్చేది మూడు ముక్కలాట నుంచే. ఆ అలవాటూ వెంటే వస్తుంది. మంచి ముక్కలు పడగానే ఏమీ లేనట్టు మొహం పెట్టి, చెక్ (పందెం కట్టకుండా ఊరుకోవడం) నొక్కి కూర్చుంటారు. పర్లాకిమిడిలో మా బావమరిదికీ నాకూ ఎప్పుడూ ఇదే గొడవ. "అంతంత కట్టేస్తే అందరూ పారిపోతారు బావా, కాస్త ఊరించాల" అంటాడు.

ముందే చెప్పేస్తున్నా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్‌ను 2025 ఆగస్టులో వచ్చిన చట్టం దేశమంతటా ఆపేసింది. ఇచ్ఛాపురం అవతల ఆంధ్రలో 2020లోనే నిషేధించారు. నేను మాట్లాడేది ఉచిత చిప్స్ బల్లల గురించి. చిల్లర పందాల బల్లల తీరూ ఇదే: అక్కడ పారిపోయేవాళ్ళు తక్కువ, కాల్ (ఎదుటివాడు కట్టినంతే కట్టడం) నొక్కేవాళ్ళు ఎక్కువ.

ఒక చెయ్యి చూద్దాం. బ్లైండ్లు (ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పక కట్టే చిన్న, పెద్ద పందాలు) 1, 2. అందరి దగ్గరా 200 చిప్స్. మీకు పంచిన రెండు ముక్కలూ ఎనిమిదుల జత, ఆఠీనూ డైమనూ. మీరు 6కి పెంచారు, పెద్ద బ్లైండాయన ఒక్కడే కాల్ చేశాడు. చిన్న బ్లైండు 1 కూడా కలిపి పాట్ (మధ్యలో పోగైన చిప్స్) 13. ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఇస్పేటు రాణి, ఇస్పేటు ఎనిమిది, కళావరు మూడు వచ్చాయి. జత పట్టుకున్నవాడికి ఫ్లాప్‌లో మూడోది తగిలేది ఎనిమిదిన్నర సార్లకోసారి. తగిలినప్పుడే రాబట్టుకోవాలి.

పాట్‌లో ముప్పాతిక వంతు చొప్పున మూడు దఫాలూ, అంటే ఫ్లాప్, టర్న్ (నాలుగో ముక్క), రివర్ (ఐదో ముక్క) మీద కడితే 10, 25, 62. చివరిదాకా కాల్ చేసేవాడి నుంచి 97 వస్తాయి. మూడో వంతు చొప్పున కడితే 4, 7, 12, మొత్తం 23. మా బావమరిది పద్ధతిలో ఫ్లాప్‌లో చెక్ చేసి, తర్వాతి రెండు దఫాలు ముప్పాతిక కడితే 35. వదిలేసిన ఒక్క దఫా ఖరీదు 62 చిప్స్. ముందు కట్టినదాని మీదే తర్వాతి పందెం పెరుగుతుంది కాబట్టి, ఫ్లాప్‌లో పోగొట్టుకున్నది రివర్‌లో ఎంత తంటాలు పడ్డా తిరిగి రాదు.

ఇక ఎదుటివాడి చేతిలో రెండు ఇస్పేట్లున్నాయనుకోండి. అతనికి కనపడని 47 ముక్కల్లో 9 ఇస్పేట్లు, అంటే టర్న్‌లో ఫ్లష్ (ఐదూ ఒకే రంగు ముక్కలు) కుదిరే అవకాశం 19 శాతం. మీరు 10 కడితే, ఆ ఒక్క ముక్క కోసం అతను 33 పాట్‌లో 10 పెట్టాలి (ఆ 33లో తన 10 కూడా ఉంది), అంటే 30 శాతం గెలుపు ఉంటేనే గిట్టుబాటు. నష్టపు బేరం, అయినా కాల్ చేస్తాడు. మీరు 4 కడితే 21లో 4, సరిగ్గా అతని 19 శాతం ధరకే అమ్మినట్టు. చెక్ చేస్తే ఊరికే చూపించినట్టు.

నక్కి ఉండడం తప్పని ప్రతిసారీ అనను. మీ దగ్గర రాజుల జత, ఫ్లాప్‌లో రాజు, రాజు, రెండు వస్తే కాల్ చెయ్యడానికి ఎదుటివాడికి ఏం మిగిలింది? చెక్ చేసి, టర్న్‌లో అతనికో జత తగలనివ్వండి. ప్రతిదానికీ తనే ముందు కట్టే దూకుడు మనిషి ఎదురైనా అంతే, కట్టనివ్వండి. కానీ చిన్న బల్లల మీద అలాంటివాళ్ళు అరుదు. అక్కడ ఆడేవాళ్ళు వేరేవాడు కట్టాకే కాల్ చేస్తారు, తామై కట్టరు. వాళ్ళ ముందు వల వేసి కూర్చుంటే వలే మిగులుతుంది.

ఆసుల జత సంగతి ఇంకా తేలిక. ఒక్కడి మీద 85 శాతం గెలుస్తాయి. ఐదుగురిని లోపలికి రానిస్తే సగానికి సగం కూడా కష్టమే. ఊరించకుండా ఫ్లాప్‌కి ముందే పెంచండి. 6కి నలుగురు వస్తున్నారా, 12 చెయ్యండి.

ఒక్క చోట మాత్రం ఆసులున్నా చెయ్యి వదిలేయాలి. ఆటంతా మెత్తగా కాల్ చేస్తూ వచ్చినాయన టర్న్‌లోనో రివర్‌లోనో హఠాత్తుగా రైజ్ చేస్తే (పందెం పెంచితే), ఆయన నాటకం ఆడటం లేదు. రెండు జతలో, సెట్టో (ఒకే అంకెవి మూడు ముక్కలు) కుదిరి ఉంటుంది. ఫోల్డ్ (ముక్కలు వదిలేసి తప్పుకోవడం) నొక్కండి.