వీడ్కోలు టూర్ పాటలు: అందరికీ తెలిసినవా, వెనక్కి నడకా?

ప్రాణంగా విన్న బ్యాండ్ చివరిసారి స్టేజీ ఎక్కుతోంది. పాటల వరుస మీరే రాయాలంటే? నా ముందు రెండు దారులున్నాయి.

బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బత్ దారి (2016-17): అన్నీ 1970ల పాటలే, ముగింపు 'పారనాయిడ్'.
కెనడా రాక్ బ్యాండ్ రష్ దారి (2015): కొత్త ఆల్బమ్‌తో మొదలుపెట్టి వెనక్కి, 1974 నాటి 'వర్కింగ్ మ్యాన్' దాకా.

శ్రమ: సబ్బత్‌వి చేతికి అలవాటైన పాటలు. రష్ మాత్రం 1982 నాటి 'లూజింగ్ ఇట్'ని తొలిసారి స్టేజీ మీద వాయించింది ఆ టూర్‌లోనే.

ఖర్చు: రష్‌దే ఎక్కువ. ఎర్ర దుస్తుల పనివాళ్లు మధ్యమధ్యలో వచ్చి సామాను మోసుకెళ్తుంటారు. చివరికి మిగిలేది కుర్చీల మీద ఆంప్లిఫయర్లు, వెనక తెర మీద బడి జిమ్ బొమ్మ. అది చూసినప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది.

రిస్క్: రష్ గాయకుడు గెడ్డీ లీ కుర్రతనంలో పైస్థాయిలో పాడినవి, గొంతు అలిశాక వస్తాయి. సబ్బత్ వరుసలోనేమో ఆ బ్యాండ్‌లో తర్వాత పాడిన డియో అభిమానికి ఒక్క పాటా దక్కదు.

గాయకులు మారిన బ్యాండ్‌కీ, మొదటిసారి వచ్చే జనానికీ సబ్బత్ పద్ధతే మేలు. మొదటి నుంచీ ఒకే గొంతు, ప్రతి ఆల్బమూ కంఠతా వచ్చిన అభిమానులు ఉంటే మాత్రం రష్‌లా వెనక్కి నడవాలి. నా కలల కచేరీ అదే.